అక్షరాల పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో నాకో చిన్న డీటీపీ గది ఉంది, అంటే అచ్చుకి వెళ్ళే మేటర్‌ను కంప్యూటర్‌లో కట్టే చోటు. శుభలేఖలు, కరపత్రాలు, దుకాణాల బోర్డులు, ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు చేస్తుంటాను. ఏ డిజైన్ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. పుస్తకాలు చూసుకుంటూ, చెడగొట్టుకుంటూ, మళ్ళీ చేసుకుంటూ నేర్చుకున్నాను. ఈమధ్య పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లలు ఈ పని ఎలా నేర్చుకోవాలని ఫోన్ చేసి అడుగుతున్నారు. ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి అన్నిటికీ జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

నాకు బొమ్మలు వేయడం రాదు. గ్రాఫిక్ డిజైన్ వస్తుందా?

నాకూ రాదు. నేను ఏనుగును వేస్తే మా పాప పంది అంటుంది. మన ఊళ్ళలో వచ్చే పనిలో ఎక్కువ భాగం అక్షరాలే: పేరు, తేదీ, ఊరు, ఫోన్ నంబరు. ఏది పెద్దగా ఉండాలి, ఏది చిన్నగా ఉండాలి, ఏది దేని పక్కన ఉండాలి, మధ్యలో ఎంత ఖాళీ వదలాలి, ఇదే పని. దీనికి చేతి వాటం కంటే చూసే అలవాటు ముఖ్యం. బొమ్మ కావాలంటే వేసేవాళ్ళ చేత వేయించుకోవచ్చు. ఖాళీ ఎక్కడ వదలాలో మాత్రం మీరే చూసుకోవాలి.

ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో చదివింది ఒడియా. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. తెలుగు పని చేయగలనా?

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో చాలామంది పరిస్థితి ఇదే, ఇందులో నామోషీ ఏమీ లేదు. పైగా మీకు ఒక లాభం ఉంది. బాగా చదవడం వచ్చినవాడి కన్ను అక్షరం మీద ఆగదు, అర్థం వైపు జారిపోతుంది. మీరు ప్రతి అక్షరం దగ్గరా ఆగుతారు కాబట్టి దాని ఒంపు, దాని కడుపులోని ఖాళీ మీకు కనిపిస్తాయి. అచ్చుపని నేర్చుకునేవాడికి కావలసింది అదే.

కానీ ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. ద, ధ, థ మూడింటినీ పెద్ద సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. 'ద'కి కింద చీలిక లేదు. 'ధ'కి ఉంది. 'థ'కి ఆ చీలికతో పాటు కడుపులో ఒక చుక్క ఉంది. లావు ఫాంట్‌లో, చిన్న సైజులో, ఇంకు కాస్త ఎక్కువైతే ఆ చుక్క మూసుకుపోతుంది. శుభలేఖలో 'ప్రథమ పుత్రిక' కాస్తా 'ప్రధమ పుత్రిక' అవుతుంది. తప్పు టైప్ చేసినవాడిదా, ప్రెస్సుదా అని గొడవ. అలాగే 'జ్యేష్ఠ పుత్రుడు'లో ఉండాల్సింది ఠ వత్తు. ట వత్తు పెట్టిన కార్డులు నేను లెక్కలేనన్ని చూశాను. మొదటిసారి నేను చేసిందీ అదే.

అందుకని తెలుగు గట్టిగా చదవగలిగిన పెద్దమనిషి ఒకరు దగ్గరలో ఉండాలి. నాకు మా అమ్మమ్మ ఉండేది. ఆమె చదివింది అయిదో తరగతి, అదీ ఒడిశా ఏర్పడక ముందు, ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో. ప్రూఫ్ చేతికిస్తే కళ్ళజోడు సర్దుకుని, "ఒరే బాబూ, ఇక్కడ దీర్ఘం తినేశావురా" అనేది. ఆమె తర్వాత అంత నమ్మకమైన ప్రూఫ్ రీడర్ నాకు దొరకలేదు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

పుస్తకం కంటే ముందు ఒక స్కేలు కొనండి. మిల్లీమీటర్లు స్పష్టంగా ఉన్నది. పుస్తకం చదివేటప్పుడు అది పక్కన లేకపోతే చదివింది ఒంటబట్టదు.

ఇక పుస్తకాలు. తెలుగు అచ్చుపని మీద మొదటి పాఠం నుంచి చెప్పే పుస్తకం నా చేతికి దొరకలేదు. నేను నేర్చుకున్నవన్నీ ఇంగ్లీషువే. ఎలెన్ లప్టన్ రాసిన 'థింకింగ్ విత్ టైప్' 2004లో వచ్చింది. అక్షరం, పాఠం, గ్రిడ్ అని మూడు భాగాలు. బొమ్మలు ఎక్కువ, ఇంగ్లీషు సులువు. పదో తరగతి ఇంగ్లీషు ఉన్నా నెట్టుకురావచ్చు. ఇదే ముందు చదవండి.

రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ 'ది ఎలిమెంట్స్ ఆఫ్ టైపోగ్రాఫిక్ స్టైల్' మొదట 1992లో అచ్చయింది. ఆయన కవి కూడా, అందుకే వాక్యాలు కొంచెం బరువు. మొదటిసారి నాకు సగం అర్థం కాలేదు. రెండేళ్ళు పనిచేశాక మళ్ళీ తెరిస్తే ఒక్కో పేజీ నేను చేసిన ఒక్కో తప్పుని చూపిస్తున్నట్టు ఉంది. ఇది రెండో పుస్తకం. తొందరపడి ముందే పట్టుకోకండి.

గ్రిడ్ గురించి స్విట్జర్లాండ్ వాడు జోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ రాసిన పుస్తకం 1981 నాటిది. పేజీని గళ్ళుగా కోసి దేన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో కొలతలతో చెబుతుంది. కొందరికి ఇది మరీ లెక్కల పుస్తకంలా అనిపిస్తుంది. మన ఊళ్ళో నేత కుటుంబాల పిల్లలకు మాత్రం కొత్తగా ఉండదు. బరంపురం పట్టు చీర అంచు మీద గుడి గోపురాల్లాంటి కుంభాలు వరసగా వస్తాయి కదా, ఒక్క పోగు తప్పితే వరసంతా తప్పుతుంది. గ్రిడ్ అంటే అంతే.

ఈ మూడు చాలు. ఇరవై పుస్తకాల పీడీఎఫ్‌లు ఫోన్‌లో దింపుకుని ఒక్కటీ తెరవనివాళ్ళు నాకు బాగా తెలుసు.

ఇంగ్లీషు పుస్తకాల్లోని లెక్కలు తెలుగుకు పనికొస్తాయా?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. అడిగేవాళ్ళు తక్కువ. సూత్రం పనికొస్తుంది, అంకె పనికిరాదు.

ఒక ఉదాహరణ. లైను పొడవు 45 నుంచి 75 అక్షరాల మధ్య ఉంటే చదవడానికి హాయి, 66 దగ్గర ఇంకా మంచిదని బ్రింగ్‌హర్స్ట్ అంటాడు. అవి ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీలతో కలిపి. మనకి 'స్త్రీ' అనేది ఒక్క అక్షరం. ఇంగ్లీషులో అదే మాటకి అయిదు పడతాయి. అంకెను ఎత్తి తెలుగులో పెడితే లైను గుడ్డ తానులా సాగిపోతుంది. మరి ఎంత ఉండాలి? ఇంట్లో హాయిగా చదివిన తెలుగు నవల ఒకటి తీసి, పది లైన్లలో అక్షరాలు లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టినవాటిల్లో లైనుకి 30, 35 దగ్గర తేలాయి. మీ పుస్తకంలో వేరేగా రావచ్చు. వచ్చిన అంకె కంటే, మీ చేత్తో లెక్కపెట్టడం ముఖ్యం.

రెండోది లైనుకీ లైనుకీ మధ్య ఎడం. ఇక్కడే తెలుగు పేజీ బాగుపడేదీ, పాడయ్యేదీ. సాఫ్ట్‌వేర్ దాని ఇష్టానికి వదిలేస్తే అక్షరం సైజుకి 120 శాతం ఎడం ఇస్తుంది. అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. ఇంగ్లీషుకి అది చాలు. మనకి పైన గుడి, గుడిదీర్ఘం, కింద వత్తులు. పై లైనులో 'రాష్ట్రం' పడి, దాని కింద సరిగ్గా 'కీర్తి' పడిందనుకోండి. పైవాడి వత్తు కిందవాడి గుడిదీర్ఘం నెత్తిన కూర్చుంటుంది. 12 పాయింట్లకి నేను 18 దగ్గర మొదలుపెడతాను. ఫాంటును బట్టి ఒకటి తగ్గిస్తాను, ఒకటి పెంచుతాను. ఫాంట్ కొత్తదైతే 'రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న' ఒక లైనులో, 'కీర్తి, వీధి, శ్రీశైలం' కింద లైనులో టైప్ చేసి ఎక్కడ కొట్టుకుంటున్నాయో చూస్తాను. అయిదు నిమిషాల పని.

మూడోది ఒత్తి చెప్పడం. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరాలున్నాయి, ఇటాలిక్ ఉంది. తెలుగులో రెండూ లేవు. బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ మన అక్షరాన్ని పక్కకి వంచుతుంది. గాలివానకి వాలిన అరటిచెట్టులా ఉంటుంది తప్ప ఇటాలిక్ అవ్వదు. ఫాంట్‌లో నిజమైన బోల్డ్ లేకపోతే అదే సాఫ్ట్‌వేర్ అంచులు ఉబ్బించి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, దాంతో ఘ, ఝ లాంటి అక్షరాల కడుపులు మూసుకుపోతాయి. కాబట్టి సైజు మార్చండి, లేదా నిజమైన బోల్డ్ ఉన్న ఫాంట్ వాడండి, లేదా రంగు మార్చండి. మూడూ ఒకేసారి వద్దు.

ఇక రెండు వైపులా అంచులు సమంగా కొట్టడం, అంటే జస్టిఫై. తెలుగు మాటలు సంధులతో, విభక్తులతో పొడుగ్గా ఉంటాయి. సన్నటి కాలమ్‌లో రెండు వైపులా సమం చేస్తే లైనుకి మూడు మాటలే పడి, మధ్యలో తెల్లటి కాలవలు పారతాయి. కరపత్రాల్లో ఎడమవైపు మాత్రమే సమం చేసి కుడివైపు వదిలేయండి. కస్టమరు "ఇదేంటి, ఎగుడుదిగుడుగా ఉంది" అంటాడు. రెండూ ప్రింట్ తీసి చూపిస్తే ఒప్పుకుంటాడు. మాటలతో ఒప్పించబోకండి.

మా దగ్గర బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ పెట్టమంటారు. మూడూ ఒకదానికొకటి కుదరవు. ఏం చేయాలి?

పుస్తకం చెప్పనిదీ, మన ఊరు చెప్పేదీ ఇదే. పెద్దబజారులో ఒక సాయంత్రం నడవండి, మూడు లిపుల బోర్డులే బోలెడు. ఏ బోర్డు దగ్గర కన్ను చిక్కుబడుతోందో, ఎక్కడ హాయిగా సాగుతోందో చూడండి.

తెలుగు, ఒడియా రెండూ గుండ్రటి లిపులే. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు అడ్డగీతలు ఆకును చీలుస్తాయి కాబట్టి అక్షరాలు గుండ్రం తిరిగాయని పండితుల మాట. కానీ గుండ్రం తిరిగిన తీరు వేరు. ఒడియా అక్షరానికి నెత్తిన గొడుగులాంటి పెద్ద వంపు ఉంటుంది. చాలా అక్షరాలకు ఆ గొడుగు ఒకటే, తేడా అంతా గొడుగు కిందే. తెలుగులో చాలా అక్షరాలకు ఉమ్మడిగా ఉన్నది చిన్న తలకట్టు మాత్రమే, తేడా ఒంటినిండా ఉంటుంది. అందుకే ఒకే పాయింట్ సైజులో ఒడియా మాట లావుగా, పైభాగం నిండుగా కనిపిస్తుంది. తెలుగు మాట అడ్డంగా పరుచుకుంటుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు రెండింటి మధ్యా కర్రలు పాతినట్టు నిలబడతాయి.

పరిష్కారం ఏమిటంటే, అంకెలు సమం చేయకండి, కనిపించే ఎత్తు సమం చేయండి. గుణింతం, వత్తు లేని అక్షరం ఒక్కొక్కటి తీసుకోండి. తెలుగు 'ల', ఒడియా 'ల', ఇంగ్లీషు చిన్నబడి 'ఎక్స్'. స్కేలు పెట్టి మూడూ దాదాపు ఒకే ఎత్తు వచ్చేదాకా సైజులు మార్చండి. తర్వాత పది అడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు సగం మూసి చూడండి. ఏది నల్లగా ముద్దలా కనిపిస్తే దాన్ని ఒక మెట్టు సన్నం చేయండి.

ఇంకో దారి ఉంది. మొదటి నుంచీ కలిపి గీసిన ఫాంట్ కుటుంబాన్నే తీసుకోవడం. ముంబైకి చెందిన ఏక్ టైప్ వాళ్ళ 'అనేక్' అలాంటిది. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటికీ ఒకే లావు, ఒకే వెడల్పు ఎంచుకోవచ్చు. వాళ్ళదే 'బాలూ' కుటుంబం కూడా ఉంది, బొద్దుగా, మిఠాయి కొట్టు బోర్డుకి సరిపోయేలా. అందులో తెలుగు ఫాంట్ పేరు 'బాలూ తమ్ముడు', ఒడియా ఫాంట్ పేరు 'బాలూ భాయినా', అంటే అన్నయ్య. మన ఇళ్ళలో పిలుపులన్నీ ఇలాగే సగం అటు, సగం ఇటు కలిసి ఉంటాయి కాబట్టి మొదటిసారి ఆ పేర్లు చూసి నవ్వుకున్నాను.

చిన్న సంగతులు రెండు. ఒడియాలో వాక్యం చివర నిలువు గీత, తెలుగులో చుక్క. ఒడియా కార్డుల మీద ఒడియా అంకెలే వేస్తారు, తెలుగు కార్డులకి మామూలు 1, 2, 3. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా ఉన్న శుభలేఖలో ఇవి అటూ ఇటూ కలిసిపోకుండా చూసుకోవాలి.

ఒడియా 'ఠ' అక్షరం సున్నాలా ఉంటుంది కదా, దానితో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

ఉంటుంది, నేను పడ్డాను. మన ఊళ్ళో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రకి ఒక పోస్టరు చేస్తున్నాను. మేటర్ వాట్సాప్‌లో వచ్చింది. కాపీ చేసి పెట్టాను, బాగానే ఉంది. హెడ్డింగ్‌కి వేరే ఫాంట్ మార్చేసరికి 'ఠాకురాణీ'లో మొదటి అక్షరం చిక్కిపోయి చిన్నగా, పక్కదానికి దూరంగా నిలబడింది. సైజు పెంచాను, జరిపాను, గంట గడిచింది. చివరికి చూస్తే పంపినవాళ్ళు 'ఠ' బదులు ఒడియా సున్నా అంకె కొట్టారు. మొదటి ఫాంట్‌లో రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. అమ్మవారి పేరు సున్నాతో మొదలైందన్నమాట. అప్పటి నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఒడియా మేటర్‌లో ముందు సున్నాలన్నీ వెతుకుతాను.

మొదటి నెలలో రోజూ ఏం ప్రాక్టీస్ చేయాలి?

నకలు చేయండి. ఇందులో తప్పేమీ లేదు, సంగీతం వాళ్ళు సరళీ స్వరాలు పాడినట్టే ఇది. ఇంట్లో పాత శుభలేఖల కట్ట ఉంటుంది. పసుపు మరకలున్నది ఒకటి తీసి స్కేలుతో కొలవండి: నాలుగు వైపులా మార్జిన్, 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' ఎత్తు, వధూవరుల పేర్ల ఎత్తు, ముహూర్తం లైను పైన ఎంత ఖాళీ, కింద ఎంత ఖాళీ. అన్నీ కాగితం మీద రాసుకుని అదే కార్డును కంప్యూటర్‌లో మళ్ళీ కట్టండి. ప్రింట్ తీసి అసలు కార్డు మీద పెట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో తెలిసిపోతుంది.

రెండో వారం అదే కార్డుకు రంగు, బొమ్మ, బోర్డర్ అన్నీ తీసేయండి. ఒకే ఫాంట్, ఒకే సైజు, నలుపు. కేవలం ఖాళీలతో ఎవరి పెళ్ళి, ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలిసేలా చేయండి. కష్టంగా ఉంటుంది. నాకు తొమ్మిది సార్లు పట్టింది. తర్వాత ఒక్క సైజు మార్పుకి మాత్రం ఒప్పుకోండి. ఏది పెద్దది చేస్తారు? ఇంట్లో వాళ్ళని అడగండి. మా ఆవిడ ముహూర్తం అంది. మా అత్తగారు వరుడి ఇంటిపేరు అంది. ఇద్దరూ రైటే, కార్డు ఎవరికి వెళుతుందన్నదాన్ని బట్టి.

మూడో వారం చేతిరాత. బోర్డులు రాసే ఆర్టిస్టులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ పక్కన ఓ గంట నిలబడి చూడండి. బల్లపరుపు కుంచె ఏ కోణంలో పట్టుకుంటున్నారు, 'క' ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తున్నారు, తలకట్టు ముందా తర్వాతా. ఫాంట్‌లో గీత ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అన్న దానికి కారణం ఆ కుంచెలో ఉంది. తర్వాత గళ్ళ కాగితం మీద మీ పేరు యాభైసార్లు రాయండి. బాపు చేతిరాత ఇప్పటికీ సినిమా పేర్లలో, పుస్తకాల అట్టల మీద కనిపిస్తూనే ఉంటుంది. అది చూసి రాయబోతే బాపు రాత రాదు, కానీ ఏ అక్షరానికి ఎక్కడ ఊపిరి వదిలాడో తెలుస్తుంది.

నాలుగో వారం దశదిన కర్మ కార్డు చేయండి. అలంకారం వేసే వీలు లేని పని అది. వచ్చిన విద్య ఎంతో అక్కడ బయటపడుతుంది.

మంచి తెలుగు ఫాంట్లు ఎక్కడ దొరుకుతాయి? ఉచితం అంటే నిజంగా ఉచితమేనా?

గూగుల్ ఫాంట్స్‌లో మంచివే చాలా ఉన్నాయి. నోటో శాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి, రామభద్ర, సూరన్న, ఇంకా చాలా. అక్కడి తెలుగు ఫాంట్లలో ఎక్కువ భాగం ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవి. అంటే డబ్బు తీసుకుని చేసే పనికీ వాడుకోవచ్చు, ప్రెస్సుకీ పంపవచ్చు. ఫాంట్‌ను మాత్రమే విడిగా అమ్ముకోకూడదు. టెలిగ్రాం గ్రూపుల్లో 'ఐదు వేల ఫాంట్ల ప్యాక్' అని తిరిగేవి వేరే సంగతి, వాటి జోలికి పోకండి.

అందులోనే 'గిడుగు' అనే ఫాంట్ ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకి నిఘంటువు కట్టి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు మీద పెట్టింది. మాటల్లో మన పక్క ఊరు పేరు ఎక్కడ తగిలినా నాకు అక్కడ ఆగాలనిపిస్తుంది, ఏమనుకోకండి.

ఫాంట్ ఎంచుకునే ముందు దాని పేరును కాదు, మీ మేటర్‌ను అందులో వేసి చూడండి. ఒక ఫాంట్‌లో 'క్ష' బ్రహ్మాండంగా ఉండి, అంకెలు దరిద్రంగా ఉండవచ్చు. ఫోన్ నంబరు వేసి చూస్తే తెలుస్తుంది.

అను, ఆకృతి అనే పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్లు ఇంకా నేర్చుకోవాలా?

ప్రెస్సులో ఉద్యోగం కావాలంటే తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి చూసి ఉండటం మంచిది. పాత ఫైళ్ళన్నీ వాటిలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల కోడ్‌లో లేవు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల పిచ్చిరాత కనిపిస్తుంది. కొత్తగా చేసే పనంతా యూనికోడ్‌లో చేయండి. రేపు అదే మేటర్‌ను వాట్సాప్‌లో పెట్టమంటారు, వెబ్‌సైట్‌లో పెట్టమంటారు.

టైపింగ్‌కి ఏ కీబోర్డు?

రెండు భాషలూ చేసేవాళ్ళకి ఇన్‌స్క్రిప్ట్. కారణం ఒక్కటే: భారతీయ లిపులన్నింటికీ మీటల అమరిక ఒకటే. ఇంగ్లీషు 'కె' మీట మీద తెలుగులోనూ 'క' ఉంది, ఒడియాలోనూ 'క' ఉంది. 'హెచ్' మీద రెండింటిలోనూ 'ప'. వేళ్ళు ఒకసారి నేర్చుకుంటే భాష మార్చి అలాగే కొట్టుకుపోవచ్చు. మొదటి పదిహేను రోజులు నరకం, తర్వాత మరచిపోతారు.

వత్తులు విడిపోయి వస్తున్నాయి. 'లక్ష్మి' కొడితే మధ్యలో పొల్లులు కనిపిస్తున్నాయి. ఎందుకు?

తెలుగు అక్షరాలను కలిపే పని ఫాంట్ ఒక్కటే చేయదు, సాఫ్ట్‌వేర్ కూడా సహకరించాలి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ సెట్టింగుల్లోకి వెళ్ళి వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. పాత ఫోటోషాప్‌లోనూ టైప్ ప్రిఫరెన్సుల్లో ఇలాంటి మార్పే చేయాలి. అది మారిస్తే చాలావరకు కుదురుకుంటుంది. డబ్బు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్, లిబర్ ఆఫీస్ ఉచితం, రెండూ తెలుగును సరిగ్గానే కలుపుతాయి. కొత్త స్క్రైబస్ కూడా.

మీ దగ్గర బాగుండి ప్రెస్సులో విడిపోవడం వేరే జబ్బు. నా మొదటి పెద్ద ఆర్డరు 500 శుభలేఖలు. ఫైలు అలాగే పంపాను. అక్కడ ఆ ఫాంట్ లేదు. ఉన్న దానితో తెరిచి, చూసుకోకుండా వేసేశారు. వధువు పేరులో ఉన్న 'లక్ష్మి' మూడు ముక్కలైంది. పెళ్ళికి పదకొండు రోజులు. మళ్ళీ వేయించడానికి నా జేబులోంచే పెట్టుకున్నాను, ఆ నెల అంతా టెన్షన్. అప్పటి నుంచి ఏ ఫైలైనా అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచి చూశాకే పంపుతాను. కర్వ్స్ చేయని అసలు ఫైలును విడిగా దాచుకోండి. లేదంటే తేదీ మార్చమన్నప్పుడు అంతా మళ్ళీ టైప్ చేయాలి.

దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకొకటి ఉంది. 'రాజ్‌కుమార్' అని కొడితే 'రాజ్కుమార్' వస్తుంది, జ కింద క వత్తు చేరి. మధ్యలో కనిపించని ఒక అక్షరం పెట్టాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వర్డ్‌లో 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే పడుతుంది. పేరు తప్పు పడితే పెళ్ళికొడుకు ఊరుకోడు కాబట్టి ఇది ముందే నేర్చుకోండి.

ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లో నేర్చుకోవచ్చా?

చూడటం, కొలవడం, చేత్తో రాయడం వీటికి ఫోన్ కూడా అక్కర్లేదు. అచ్చుకి పంపే ఫైలు చేయడానికి మాత్రం కంప్యూటర్ కావాలి. సెకండ్ హ్యాండ్‌ది చాలు.

రంగుల సంగతి?

ముందు నలుపుతో సరిగ్గా చేయండి. తెర మీద మెరిసే పచ్చ కాగితం మీద అలా రాదు, తెరది వెలుతురు, కాగితానిది ఇంకు. చిన్న అక్షరాలను నాలుగు ఇంకుల మిశ్రమంతో వేయకండి, ఒక్క ప్లేటు అర వెంట్రుక జరిగినా అంచుల్లో రంగులు తొంగిచూస్తాయి. నలుపు అక్షరం అంటే నలుపు ఇంకు మాత్రమే.

ఫ్లెక్స్ షాపులో చేరితే పని వస్తుందా, కోర్సు చేయాలా?

ఫ్లెక్స్ షాపులో వేగం వస్తుంది. 10 అడుగులు, 8 అడుగులు ఫ్లెక్సు అరగంటలో కట్టేస్తారు. ఎరుపు మీద పసుపు అక్షరం, చుట్టూ తెల్ల అవుట్‌లైన్, దాని చుట్టూ నల్ల నీడ. నాయకుడి ఫోటో పెద్దది, మిగతావాళ్ళవి మెట్లు మెట్లుగా. నేను వెక్కిరించడం లేదు. యాభై మంది ఫోటోలను ఎవరి హోదాకు తగ్గట్టు వాళ్ళని కూర్చోబెట్టడం కూడా విద్యే, ఒక్కరి ముఖం చిన్నదైతే సాయంత్రానికి షాపు ముందు పంచాయితీ. ఆరు నెలలు చేయండి. ఇంటికి వచ్చాక పుస్తకం తెరవండి. అక్కడే ఉండిపోతే మాత్రం వేలు నేర్చుకుంటుంది, కన్ను ఆగిపోతుంది.

కోర్సుల మాట: ఫోటోషాప్ బటన్లు నేర్పేదాన్ని డిజైన్ కోర్సు అనుకోకండి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) లాంటి చోట ప్రవేశ పరీక్ష రాసే వయసు, ఓపిక ఉంటే తప్పకుండా రాయండి.

సొంతంగా ఫాంట్ చేయాలని ఉంది. పిచ్చి కోరికా?

కాదు. మన కొండల్లోనే సవర భాషకి 1936లో మంగేయి గొమాంగో ఏకంగా ఒక లిపినే తయారుచేశారు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు. 2012లో అది యూనికోడ్‌లోకీ ఎక్కింది. గుణుపురం వైపు వెళితే దాన్ని గుర్తుపట్టగలిగేవాళ్ళు కనిపిస్తారు. ఒక మనిషి మొత్తం లిపి గీశాడంటే మీరు ఒక ఫాంట్ గీయడం పిచ్చి ఎలా అవుతుంది?

అయితే తెలుగు ఫాంట్ చిన్న పని కాదు. యాభై పైచిలుకు అక్షరాలు, వాటి గుణింతాలు, వత్తులు, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కే తీరు. ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగా దొరుకుతుంది. ముందు ఏడు అక్షరాలు గీయండి: ల, న, ప, వ, మ, క, ర. వీటిలోని ఒంపులే మిగతావాటిలో చాలాచోట్ల తిరిగి వస్తాయి. ఈ ఏడింటితో 'కలప', 'నరక', 'పనవల' లాంటి అర్థం ఉన్నవీ లేనివీ మాటలు రాసి ప్రింట్ తీసి గోడకి అంటించండి. వారం తర్వాత కూడా నచ్చితే ఎనిమిదో అక్షరం.

డబ్బులు వస్తాయా?

బతకొచ్చు. పెళ్ళిళ్ళ సీజన్‌లో బాగా, ఆషాఢంలో ఈగలు తోలుకోవడం. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే చెప్పి రేటు మాట్లాడుకోండి.

ప్రూఫ్ ఎలా చూడాలి?

తెర మీద కాదు, కాగితం మీద. అసలు సైజులో ప్రింట్ తీయండి. మొదటిసారి అర్థం చూసుకుంటూ చదవండి. రెండోసారి చివరి మాట నుంచి మొదటి మాటకి, ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టి. అప్పుడు అర్థం అడ్డురాదు, అక్షరమే కనిపిస్తుంది. మూడోసారి అంకెలు మాత్రమే: తేదీ, వారం, ముహూర్తం, ఫోన్ నంబరు. తేదీకి వారం కుదిరిందో లేదో క్యాలెండర్ తీసి చూడండి, ఫోన్ నంబరుకి రింగ్ ఇచ్చి చూడండి. నేను ఇస్తాను. ఒకసారి వరుడి తండ్రి నంబరుకి చేస్తే ఛత్రపురంలో ఎవరో కోళ్ళ వ్యాపారి ఎత్తాడు.

తర్వాత కస్టమరుకి ఇచ్చి, చదివించి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టించుకోండి. "ఎందుకు బాబూ, నీ మీద నమ్మకం ఉంది" అంటారు. అయినా పెన్ను చేతికివ్వండి. పెన్ను చేతికి వచ్చాక మళ్ళీ ఒకసారి చదువుతారు. తప్పు దొరికేది ఆ చదువులోనే.